చీరాల వద్దన్న స్వపరిపాలన



స్వపరిపాలన గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాటను వద్దనేవాళ్లు ఈ రోజుల్లో దొరకరు. అన్ని పార్టీల జెండాల కిందా అది క్షేమంగానే ఉంటుంది. అందరూ ఒప్పుకునే మాట గురించి ఉపన్యాసమంటే వినేవాళ్లకు నిద్ర వస్తుంది, చెప్పేవాడికి పొగరు వస్తుంది. అందుకని వద్దన్నవాళ్ల దగ్గర మొదలుపెడతాను. నూరేళ్ల కిందట ‘మీకు స్వపరిపాలన ఇస్తున్నాం, తీసుకోండి’ అని సర్కారు గుమ్మం దాకా వస్తే, ‘మాకు అక్కర్లేదు’ అని ఊరికి ఊరే లేచిపోయిన తెలుగువాళ్లున్నారు.

చీరాల–పేరాల ఉద్యమం మీలో చాలామందికి తెలుసు. పాఠ్యపుస్తకంలో అది ఒక్క పేరాలో అయిపోతుంది: పన్నులు పెంచారు, జనం తిరగబడ్డారు, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు నాయకత్వం వహించారు. అంతా నిజమే. కానీ అక్కడ పోట్లాడుకున్న ఇద్దరూ స్వపరిపాలన పేరే చెప్పారన్న సంగతి ఆ పేరాలో పట్టలేదు.

చీరాల, పేరాల అప్పటి గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో ఆనుకుని ఉన్న ఊళ్లు. మగ్గాల ఊళ్లు. అంతకుముందు యూనియన్ అనే చిన్న స్థానిక సంస్థ ఒకటి ఏవో చిన్న చిన్న పనులు చూసుకునేది. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్లను చుట్టుపక్కల పేటలతో కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు అనేక రెట్లు పెరిగాయి. నేతపని చేసుకునే ఇంట్లో నూలుకు పోగా మిగిలే డబ్బెంతో, అందులోంచి ఇంటిపన్ను కట్టడమంటే ఏమిటో చేనేత కుటుంబాల్లో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అర్జీలు వెళ్లాయి. ఫలితం లేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. అప్పుడు ప్రభుత్వం జీతగాడైన ఒక అధికారిని ఛైర్మన్‌గా కూర్చోబెట్టి మునిసిపాలిటీని నడిపించింది. పన్ను కట్టనందుకు పన్నెండుమందిని జైలుకు పంపారు. వాళ్లలో అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉంది.

ఇప్పుడు రెండోవైపు చూడాలి. మనం సాధారణంగా చూడని వైపు అది.

మునిసిపాలిటీ అనేది తెల్లదొర కక్షతో మోపిన శిక్ష ఏమీ కాదు. 1882లో వైస్రాయి రిప్పన్ చేసిన తీర్మానం దగ్గర్నుంచి దాని పేరే స్థానిక స్వపరిపాలన. ఊరి జనం తమ రోడ్లూ దీపాలూ మురుగుకాల్వలూ తామే చూసుకుంటూ పరిపాలన నేర్చుకోవాలన్నది రిప్పన్ ఉద్దేశం. అధికారులు చేస్తే పని బాగా జరగొచ్చు, అయినా జనం చేతే చేయించాలి, అందులో జరిగే చదువే ముఖ్యమని ఆయన వాదన. 1919 సంస్కరణలతో ద్వంద్వ ప్రభుత్వం వచ్చాక పోలీసు, భూమిశిస్తు వంటివి గవర్నరు చేతిలో ఉంచుకుని, విద్య, ఆరోగ్యం, స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రులకు అప్పగించారు. 1920 చివర జరిగిన ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. జస్టిస్ పార్టీ గెలిచింది. స్థానిక స్వపరిపాలన మంత్రి అయినవారు పానగల్ రాజా రామరాయణింగారు. తెలుగువారు. బ్రాహ్మణేతరుల హక్కుల కోసం నిలబడ్డ నాయకుడు, ఆ మరుసటి జులైలో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఇరుకు సందుల్లో వేలమంది బతికే ఊరికి మంచినీళ్లు, పాయిఖానాలు, ఆసుపత్రి కావాలంటే డబ్బు కావాలి, డబ్బు ఊరే ఇచ్చుకోవాలి అన్న వాదన ఆయన శాఖది. అందులో తప్పేముంది? ఇవాళ ఏ మునిసిపల్ కమిషనరైనా అక్షరం మార్చకుండా అదే వాదన చేస్తాడు.

ఇంకో సంగతి చెబితే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. స్త్రీలకు ఓటుహక్కు లేదన్న నిబంధనను మద్రాసు శాసనమండలి తొలగించింది 1921లోనే. మన దేశంలో ఆ పని మొదట చేసిన రాష్ట్రాల్లో మద్రాసు ముందువరసలో ఉంది. అలమేలుమంగమ్మను జైలుకు పంపిన రాజ్యమూ, ఆస్తి ఉన్న ఆడవాళ్లకు ఓటిచ్చిన రాజ్యమూ ఒకటే. ఆ ఓటు కూడా ఎంతమందికి? మగవాళ్లతో కలిపినా రాష్ట్ర జనాభాలో నూటికి ముగ్గురికి మించి లేదు. చీరాల మగ్గాల మీద కూర్చున్నవాళ్లలో ఎందరికి ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

కాబట్టి ఆ గొడవను పరాయి పాలనకూ మన పాలనకూ మధ్య పోరుగా చూస్తే సగమే కనబడుతుంది. పైనుంచి వచ్చిన మన పాలన ఒకటి, కిందినుంచి లేచిన మన పాలన ఇంకొకటి, ఆ రెండూ చీరాల వీధిలో ఎదురుపడ్డాయి. మునిసిపాలిటీ మంచిదా చెడ్డదా అని ఊరు తర్కించలేదు. మా ఊరికి ఏది కావాలో మమ్మల్ని అడిగారా అని నిలదీసింది. స్వపరిపాలనలో మొదటి హక్కు ఎన్నుకునే హక్కు అని మనకు నేర్పారు. వద్దనే హక్కు అంతకన్నా ముందుదని నా అభిప్రాయం. అది లేనిచోట ఎన్నుకోవడం అంటే, ఎవరో పెట్టిన విస్తట్లో ఏ కూర ముందు తినాలో తేల్చుకోవడమే.

అయితే వద్దన్నాక ఏం చెయ్యాలి?

1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది.  ఆ సమావేశం ముగిశాక గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపించారు. ఒకటి, పన్ను కట్టకుండా ఉండి, వచ్చే కష్టాన్ని చెయ్యెత్తకుండా భరించడం. రెండోది, మునిసిపాలిటీ హద్దు దాటి ఊరు ఖాళీ చెయ్యడం. జనం లేకపోతే మునిసిపాలిటీ ఎవరిని పాలిస్తుంది? దీంతోబాటు ఆయన ఇంకో మాట కూడా స్పష్టం చేశారు: చేస్తే మీ బలం మీద చెయ్యండి, కాంగ్రెస్ డబ్బు మీదా అండ మీదా ఆశ పెట్టుకోకండి. కటువుగా ఉంది కదూ? నాకైతే ఆ సలహాలో అన్నిటికన్నా విలువైన భాగం అదే.

ఊరు రెండో దారి పట్టింది. సుమారు 15 వేల జనాభాలో 13 వేలమందికి పైగా ఇళ్లు వదిలేశారు. అది ఎండాకాలం. హద్దుకు అవతల పాకలు వేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య గారు తయారుచేసిన స్వచ్ఛంద సైనికులు, శ్రీరామదండు వాళ్లు, కాపలా కాశారు. కులాల వారీగా ప్రతినిధులతో సభ ఏర్పడింది. తగవులు తీర్చడానికి పంచాయతీ కూర్చుంది. ఒక్క క్షణం ఇక్కడ ఆగి ఆలోచించండి. పన్ను వద్దని వచ్చినవాళ్లకు పదమూడు వేలమందికి నీళ్లెక్కడ, మరుగెక్కడ, నిప్పంటుకుంటే ఏం చెయ్యాలి, మగ్గం ఎక్కడ దింపాలి, నూలు ఎవరు తేవాలి అన్న ప్రశ్నలు మొదటి పూటే వచ్చి ఉంటాయి. అంటే మునిసిపాలిటీ చేసే పనులన్నీ నెత్తిన పడ్డాయి. మునిసిపాలిటీని కాదన్న ఊరు ఇంకో మునిసిపాలిటీని నడపవలసి వచ్చింది. తేడా ఒక్కటే, ఈసారి వాళ్లే నిర్ణయించుకున్నారు, బరువూ వాళ్లే మోశారు. పెంచిన పన్ను కట్టి ఉంటే అయ్యే ఖర్చు కన్నా రామనగరం చాలా ఎక్కువ ఖరీదైంది. లెక్కల మనిషి దీన్ని మూర్ఖత్వమంటాడు. అతన్ని నేను తప్పుపట్టను, లెక్క సరైనదే.

ఆ నెలల్లోనే గోపాలకృష్ణయ్య గారు గంజాం బరంపురం వెళ్లినప్పుడు అక్కడ మాట్లాడకూడదని నిషేధం విధించారు. ఆయన లెక్కచెయ్యలేదు. ఏడాది శిక్ష పడింది, తిరుచిరాపల్లి జైలుకు పంపారు. రామనగరంలో వానలూ చలీ వచ్చాయి, డబ్బు అయిపోయింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత గాంధీగారు దేశమంతటా సహాయనిరాకరణ ఉద్యమం ఆపేశారు. జనం మెల్లగా పాత ఇళ్లకు మళ్లారు.

దీన్ని విజయమని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. మునిసిపాలిటీని రద్దు చేయించడానికి వెళ్లినవాళ్లు మునిసిపాలిటీలోకే తిరిగొచ్చారు. ఒక్క నాయకుడు జైలుకు వెళ్తే నీరసించేది ఎంతవరకు స్వపరిపాలన అన్న ప్రశ్నను ఆయన మీద ఎంత గౌరవమున్నా తప్పించుకోలేం. ఆయన అసాధారణ వ్యక్తి. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషు చేశారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. అలాంటి మనిషి వచ్చి చేనేతవాళ్ల మధ్య పాక వేసుకున్నారు. సంగీతం, నాటకం, పద్యం, చమత్కారం, కోపం, అన్నీ ఎక్కువే ఆయనకు. ఎవరి చెప్పుచేతల్లోనూ ఇమిడేవారు కాదు. 1928లో క్షయతో, పేదరికంలో, ముప్పైతొమ్మిదేళ్లకు పోయారు. తనమీద తాను అంత అధికారం తెచ్చుకున్న మనిషి పక్కన మిగతావాళ్లు ఆయన మాట కోసం చూడ్డం సహజమే. కానీ ఊరంతటికీ కావలసిన ధైర్యాన్ని ఒక్కడి దగ్గర దాచిపెడితే, ఆ ఒక్కడిని పట్టుకుపోవడం సర్కారుకు చాలా తేలిక.

అదే కాలంలో అదే జిల్లాలో పెదనందిపాడు ఫిర్కాలో జరిగింది దీనికి భిన్నం. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో శిస్తు కట్టడం మానేశారు. అంతకన్నా ముఖ్యంగా, గ్రామ కరణాలూ మునసబులూ చాలామంది రాజీనామాలిచ్చారు. శిస్తు ఎవరు ఎంత కట్టాలో చెప్పే దస్త్రం పట్టుకున్నవాడే లేకపోతే కలెక్టరు గుర్రమెక్కి వచ్చినా చేసేదేమీ లేదు. రాజ్యమనేది ఎక్కడో ఉండదని, మన ఊళ్లో మనవాడి చేతిలోని పుస్తకంలోనే ఉంటుందని అక్కడి రైతులకు తెలిసిపోయింది. అదీ గాంధీగారి మాటతో 1922లోనే ఆగిపోయింది.

ఊరి సంగతి ఇలా ఉంటే, మనిషి సంగతేమిటి? ఒక జాతికి స్వపరిపాలన వస్తే అందులోని ప్రతి మనిషికీ వచ్చినట్టేనా?

దీనిమీద ఒక ఇంగ్లీషు తత్త్వవేత్తను తలుచుకోక తప్పదు. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛ మీద రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివింది. ఒక మనిషి తనకు సంబంధించిన విషయంలో తానే రాజు అని ఆయన వాదం. పక్కవాడికి హాని చెయ్యనంతవరకు సంఘానికీ సర్కారుకూ అతని జోలికి వెళ్లే హక్కు లేదు. ఇంత గొప్ప వాదన చేసిన పుస్తకంలోనే, ఇది పిల్లలకూ ఇంకా ఎదగని జాతులకూ వర్తించదని ఓ మినహాయింపు పెట్టాడు. ఆ ఎదగని జాతులు ఎవరో ఆయనకు బాగా తెలుసు. 1823 నుంచి 1858 దాకా ఆయన ఉద్యోగం ఈస్టిండియా కంపెనీ లండను ఆఫీసులో. మనకు వచ్చే ఉత్తరాల ముసాయిదాలు రాసేవాడు. మిల్‌ను వెక్కిరించడానికి ఇది చెప్పడం లేదు. ‘మీరింకా తయారుగా లేరు’ అన్న మాట ఎంత మంచి మనసులోంచి అయినా రాగలదని చెప్పడానికి చెబుతున్నాను. తెల్లవాళ్లు వెళ్లిపోయినా ఆ మాట వెళ్లలేదు. మగవాడు ఆడదానితో అంటాడు, పట్నం పల్లెతో అంటుంది, మైదానం మన్యంతో అంటుంది, సచివాలయం సర్పంచ్‌తో అంటుంది.

గాంధీగారు 1909 నవంబరులో లండను నుంచి దక్షిణాఫ్రికా వెళ్లే ఓడలో, కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో, పదిరోజుల్లో హింద్ స్వరాజ్ గుజరాతీలో రాశారు. అందులో ఆయన ప్రశ్నను తలకిందులు చేశారు. ఇంగ్లీషువాడిని పంపేసి అతని పద్ధతులన్నీ అట్టేపెట్టుకుంటే వచ్చేది ఏం స్వరాజ్యమని అడిగారు. ఎవరికి వారు తమ కోరికలను, భయాలను ఏలుకోగలిగితే అది ఆ క్షణానే వచ్చినట్టని చెప్పారు. మరుసటేడు బొంబాయి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. హింస వద్దన్న పుస్తకాన్ని ఎందుకు నిషేధించారంటే, భయం వదులుకున్నవాడిని ఎలా పాలించాలో ఏ చట్టంలోనూ రాసి లేదు మరి.

నాకు గాంధీగారి వాదంతో ఒకచోట పేచీ ఉంది. మనసును ఏలుకోవడం ఎవరికి వారు చెయ్యవలసిన పని అన్నంతవరకు బాగుంది. కానీ వీధిలో చెప్పులతో నడవకూడనివాడిని, చెరువులో నీళ్లు ముట్టకూడనివాడిని మనసు ఏలుకోమంటే అతను ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న అంబేడ్కర్ అడిగారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ, గ్రామాన్ని పునాదిగా తీసుకోనందుకు సంతోషిస్తున్నానని, వ్యక్తిని తీసుకున్నామని చెప్పారు. మన పల్లెల గురించి ఆయన వాడిన మాటలు అక్కడున్న గాంధేయులకు చాలా బాధ కలిగించాయి. తర్వాత కె.సంతానం ప్రతిపాదనతో గ్రామ పంచాయతీల మాట నలభయ్యో అధికరణంగా చేర్చారు, అదీ కోర్టుకెళ్లి అడగలేని ఆదేశిక సూత్రాల్లో. రామనగరంలో కులాల వారీ ప్రతినిధులతో సభ కూర్చుందని ఇందాక గర్వంగా చెప్పాను. అంబేడ్కర్ గారి కళ్లతో చూస్తే అదే సభ ఇంకోలా కనిపిస్తుంది. కులం తరఫున మాట్లాడే పెద్ద, ఆ కులంలోని కోడలి తరఫున మాట్లాడతాడా? ఊరికి స్వరాజ్యం రావడమంటే ఊరి పెద్దలకు రావడమని అర్థమైతే, ఆ ఊళ్లో కిందివాడికి దూరపు దొరే నయమనిపించవచ్చు. జస్టిస్ పార్టీ వాళ్లకు ఒకప్పుడు అలాగే అనిపించింది. వాళ్లను దేశద్రోహులనడం సులువు. వాళ్లకు ఎందుకలా అనిపించిందో అడగడానికి మనకు ఓపిక కావాలి.

గాంధీ, అంబేడ్కర్‌ల ఈ రెండు వాదాలనూ ఒకే వాకిట్లో నిలబెట్టిన సంఘటన మనవాళ్ల మధ్యే, నా తరం వాళ్లు చూస్తుండగానే జరిగింది. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట దీపం దగ్గర ఆడవాళ్లు కూలి నుంచి వచ్చి పలక పట్టుకున్నారు. వాచకంలోని పాఠాలు వాళ్ల బతుకు గురించే. ఆడవాళ్లు ఏకమై సారా దుకాణాన్ని మూయించిన కథ ఒక పాఠం. అది చదివారు, మాట్లాడుకున్నారు, వెళ్లి నిజంగానే మూయించారు. వాళ్ల ముందు నడిచిన రోశమ్మ పేరు మీరంతా విన్నదే. 1992 నాటికి ఆ సారా వ్యతిరేక పోరు జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. అప్పటికి సారా ప్రభుత్వం చేతిలోని సరుకు. వారుణ వాహిని అని చక్కటి పేరు పెట్టి పాకెట్లలో పోసి పల్లెపల్లెకూ చేర్చింది ప్రభుత్వమే. మంచినీళ్లు రాని ఊరికి సారా మాత్రం ఏ పూటా తప్పేది కాదు. ఖజానాకు దానిమీద వందల కోట్లు వచ్చేవి.

ఇక్కడ మిల్‌ను పిలిపించి అడగాలనిపిస్తుంది. నా కూలి, నా నోరు, నా సారా, ఇందులో నీకేం పని అంటాడు మొగుడు. అది స్వేచ్ఛే కదా? దూబగుంట ఆడవాళ్లు జవాబు తత్త్వశాస్త్రంలో చెప్పలేదు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరుతున్నప్పుడు, రాత్రి దెబ్బలు తమ ఒంటి మీద పడుతున్నప్పుడు, ‘నాకు సంబంధించిన విషయం’ అన్న గీతను అతనొక్కడే ఎలా గీస్తాడని వాళ్ల వాదన. పోనీ అతనైనా తనను తాను ఏలుకుంటున్నాడా? అతని చేత తాగించడం మీద ఒక కాంట్రాక్టరు, ఒక శాఖ, ఒక బడ్జెట్ ఆధారపడి ఉన్నాయి. అంతమంది కలిసి తాగిస్తున్న మనిషిని స్వతంత్రుడనడం ఎగతాళి. గాంధీగారు చెప్పిన కోరికను ఏలుకోవడం, అంబేడ్కర్ అడిగిన బలహీనుడి రక్షణ, రెండూ ఒక్క పనిలో కలిసిన చోటు నాకు తెలిసినంతలో అదే. మగవాళ్లలో కొందరు తర్వాత ఆ ఆడవాళ్ల కమిటీల వెంట నడిచారు కూడా.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో ఎత్తేశారు. ఈ మూడు తేదీలను నేను ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని చూస్తుంటాను. ఊళ్లో ఆడవాళ్లు కాపలా కాసినన్నాళ్లు దుకాణం మూతపడే ఉంది. ఆ పనిని చట్టం తీసుకున్నాక కాపలా పోలీసుకూ ఎక్సైజు సిబ్బందికీ మారింది. వాళ్లకు జీతం ఉంది, ఆడవాళ్లకున్న అవసరం లేదు. పక్క రాష్ట్రాల నుంచి సరుకు రావడం మొదలైంది, ఖజానా బోసిపోయింది, చివరికి చట్టం ఓడిపోయింది. రోడ్డెక్కినవాళ్ల కోరిక తీర్చడానికని సర్కారు వాళ్ల చేతిలోని పనినే లాక్కుంది. ఆ చట్టం వద్దని నేననను. చట్టంలో ఊరి కమిటీకి ఏదో ఒక అధికారం మిగిల్చి ఉండవలసింది అంటాను.

మన పంచాయతీల గురించి ఎక్కువ చెప్పను. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఇరవైతొమ్మిది అంశాలు పదకొండో షెడ్యూలులో రాసి ఉన్నాయి. అందులో ఎన్ని మన పంచాయతీల చేతికి నిజంగా వచ్చాయో సర్పంచ్‌లను అడిగితే నవ్వుతారు. ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద పోయాయని ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్‌లు రోడ్డెక్కారు. తెలంగాణలో పదవీకాలం ముగిశాక 2024 ఫిబ్రవరిలో ఎన్నికలకు బదులు ప్రత్యేకాధికారులు వచ్చారు. చీరాలలో కౌన్సిలర్లు పోయాక కూర్చున్న జీతపు ఛైర్మన్‌కు వీళ్లు మునిమనవలు. ఇంకో విచిత్రం, ఎన్నిక జరపకుండా ఏకగ్రీవం చేసుకున్న పంచాయతీకి ప్రభుత్వాలు నజరానా ప్రకటిస్తాయి. పిల్లవాడు పరీక్ష రాయకపోతే మార్కులేసే బడిని మీరెక్కడైనా చూశారా? ఏకగ్రీవం వెనక వేలంపాట ఉందని, పాడినవాడే సర్పంచ్ అని పత్రికలు రాస్తూనే ఉంటాయి. గెలిచిన స్త్రీ కుర్చీలో భర్త కూర్చోవడం గురించి రాయడం కూడా విసుగుపుట్టి మానేశాయి.

అయినా ‘మమ్మల్ని అడిగారా’ అని చీరాల వేసిన ప్రశ్నకు చట్టబద్ధమైన జవాబు ఒకటి మన కాలంలో దొరికింది. అది దొరికింది మైదానంలో కాదు, మన్యంలో. గోండు నాయకుడు కొమరం భీం పన్నెండు ఊళ్లకు స్వాధికారం అడిగి 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు చనిపోయారు. ‘మావ నాటే మావ రాజ్’, మా ఊళ్లో మా రాజ్యం, అని ఆదిలాబాదు గోండు గూడేల్లో ఈనాటికీ వినబడే నినాదంలో ఆ రక్తం ఉంది. 1996లో షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం వచ్చింది, మనం పెసా అంటున్నది అదే. గ్రామసభను చట్టం అక్కడ అధికారం ఉన్న సంస్థగా గుర్తించింది. మరుసటేడు మన విశాఖ మన్యం గొడవల్లోంచే సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనుల కంపెనీకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

2013 ఏప్రిల్ 18న అదే కోర్టు, మన ఉత్తరాంధ్రకు ఆవల ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలు తేల్చాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. జిల్లా జడ్జి కూర్చుని చూశారు. డొంగ్రియా కొంధులు, వాళ్ల పొరుగువాళ్లు ఒక్కొక్కరే లేచి, ఆ కొండ తమ నియమరాజు ఇల్లని, ఇవ్వమని చెప్పారు. పన్నెండింటికి పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. చీరాల నుంచి నియమగిరికి తొంభైరెండేళ్లు. వద్దనడానికి ఊరొదిలి వెళ్లవలసిన అవసరం ఈసారి రాలేదు. ‘పన్నెండు ఊళ్లనే ఎందుకు ఎంచుకున్నారు, కొండ చుట్టూ వందకు పైగా ఉన్నాయి కదా’ అని అప్పుడే అడిగినవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. ఎవరిని అడగాలో తేల్చే అధికారం పైవాళ్లకే ఉన్నంతకాలం, కిందివాళ్ల జవాబు ఎంత గట్టిదైనా సగం హక్కే.

చివరగా నెల్లూరు సంగతి ఒకటి మిగిలింది. సారా మీద కదిలిన ఆడవాళ్లు ఆ తర్వాత రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. తాగుడుకు పోయే రూపాయి ఆగితే ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు వాళ్లు వెతుక్కున్న జవాబు అది. డ్వాక్రా సంఘాలతో కలిసి అవి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల సంఖ్యకు చేరాయి. ఇవాళ ముఖ్యమంత్రి ఎవరైనా సరే, మీటింగుకు బస్సులు నింపవలసి వస్తే మొదటి ఫోను సంఘం లీడరుకే వెళ్తుంది. రాకపోతే రుణం రాదేమోనన్న భయం కూడా ఉంది. పైవాళ్ల చెయ్యి పడని పని మాత్రం ఇప్పటికీ ఒకటుంది. నెలకోసారి ఎవరో ఒకరింటి అరుగు మీద కూర్చుని, ఉన్న డబ్బు తక్కువై అడిగేవాళ్లు ఎక్కువైనప్పుడు, కూతురి పురుడు ముందా, గేదె ముందా, ఫీజు ముందా అని వాదించుకుంటారు. గట్టిగా అరుచుకుంటారు, ఒకరిద్దరు అలిగి లేచిపోతారు, మళ్లీ వచ్చి కూర్చుంటారు. పుస్తకంలో రాసి సంతకాలు పెడతారు. కిందటి తరంలో వేలిముద్ర వేసిన ఇళ్ల ఆడవాళ్లే వాళ్లలో చాలామంది. ఈ స్మారకోపన్యాసం వినడానికి వచ్చిన రాజనీతిశాస్త్ర విద్యార్థులకు నాదొక వినతి: ఈ నెల అలాంటి సమావేశం ఒకటి మీ వీధిలోనే జరుగుతుంది, అడిగి, ఒప్పుకుంటే, ఓ మూల కూర్చుని వినండి.